నాలుగు స్క్రూ తోకలు

రాష్ట్రంలోని బళ్లన్నింటికీ ఒకే కొలత స్క్రూ ఉండాలని పాఠశాలల ద్వారబంధ సంస్థవారు తీర్మానించినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పడానికేముంది? స్క్రూ అంటే స్క్రూయే కదా. పైగా దాని వెనక గొప్ప ఆలోచన ఉంది. ఒక బళ్లో పొట్టి స్క్రూ, ఇంకో బళ్లో పొడుగు స్క్రూ ఉంటే పసి మనసుల్లో హెచ్చుతగ్గుల భావం నాటుకుంటుందట. అందుకని బెంచీకైనా, నల్లబల్లకైనా, కిటికీకైనా, గడియకైనా బొటనవేలంత పొడవున్న ఒకే ఒక్క స్క్రూ. దానికి సమతా స్క్రూ అని పేరు పెట్టారు. దాని మీద ఒక పాట రాయించి రోజూ ప్రార్థన తర్వాత పాడమన్నారు.

కొండమూరుపాలెం హైస్కూల్లో ఆ పాటను అందరికన్నా గట్టిగా పాడేది మస్తాన్‌బీ. ఆమె పక్కన నిలబడి పెదవులు మాత్రం కదిపేది కోటేశ్వరి. ఇద్దరూ తొమ్మిదో తరగతి. కోటేశ్వరికి నోట్లో నాలుక లేదని ఊళ్లో అందరూ అనేవారు. హాజరు పిలిచేటప్పుడు కూడా ఆమె బదులు మస్తాన్‌బీయే "ఉందండీ, ఇదిగో" అని చెప్పేది. టీచర్లకు అదే అలవాటైపోయింది.

ఆ బళ్లో ఆడపిల్లలకు రెండు మరుగుదొడ్లు. రెండింటికీ పలచటి రేకు తలుపులు. వాటి లోపలివైపు కొత్త గడియలు పెట్టి, సమతా స్క్రూలతో బిగించారు. గడియ బాగానే ఉంది, స్క్రూ బాగానే ఉంది. కాకపోతే రేకు సన్నం, స్క్రూ పొడుగు. నట్టు బిగించాక కూడా స్క్రూల తోకలు తలుపు బయటికి పొడుచుకొచ్చాయి. తలుపు వేయబోతే ఆ తోకలు చట్రానికి తగిలి, రెండు వేళ్ల సందు మిగిల్చి తలుపు అక్కడే ఆగిపోతుంది. గడియ తన చిల్లును దూరం నుంచి చూస్తూ ఉంటుంది, అంతే.

ఆడపిల్లలు ఊరుకుంటారా? ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు లాగి పట్టుకుని, సందుకు వీపు అడ్డం పెట్టి నిలబడాలి. లోపలి పిల్ల గట్టిగా ఎక్కం చదువుతూ ఉండాలి. ఎక్కం ఆగిందంటే పని అయిందని లెక్క. కాపలా పిల్ల తలుపు వదిలేసి వెళ్లిపోతుంది. ఆ బళ్లో ఆడపిల్లలందరికీ పందొమ్మిదో ఎక్కం కంఠతా వచ్చని లెక్కల మాస్టారు నలుగురిలో గొప్పగా చెప్పుకునేవారు. ఎట్లా వచ్చిందో ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఎక్కాలు కోటేశ్వరికీ వచ్చు. గొంతే రాదు. బడంతా వినేట్టు లోపలి నుంచి అరవడం ఆమె వల్ల కాని పని. అందుకని ఆమె అసలు వెళ్లేదే కాదు. వెళ్లకుండా ఉండాలంటే నీళ్లు తాగకూడదు. పొద్దున వాళ్లమ్మ నింపి ఇచ్చిన సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొచ్చేది. ఆ నీళ్లు తొమ్మిదో తరగతి పాఠాలన్నీ విని వచ్చి, పెరట్లో మందారచెట్టు మొదట్లోకి పోయేవి. చెట్టు మాత్రం ఏపుగా పెరిగింది. కోటేశ్వరికి రోజూ మూడో పీరియడ్‌కల్లా తలనొప్పి.

ఒక శుక్రవారం బడి వదిలాక మస్తాన్‌బీని కాపలా పెట్టి, మొదటి గది తలుపు గడియ ఊడదీసింది కోటేశ్వరి. నాలుగు స్క్రూలూ నట్లూ కొంగులో మూటకట్టినట్టు చున్నీ అంచున ముడేసుకుని ఇంటికి తెచ్చింది. వాళ్ల నాన్న సాంబయ్య వరండాలో మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. అది ఆవకాయల కాలం. ఊళ్లో మిక్సీలన్నీ ఆవపిండి తిని అక్కడికొచ్చి పడి ఉన్నాయి.

"ఏందమ్మా అవి?"

"పొట్టి చెయ్యాలి నాన్నా."

"అదిగో వైసు, అదిగో బ్లేడు. నువ్వే కోసుకో. నాకిక్కడ ఊపిరాడటంలా."

కోటేశ్వరి స్క్రూని వైసు దవడల మధ్య పెట్టి గట్టిగా బిగించి, హెక్సా బ్లేడుతో కోసింది. కోయడం తేలికే. కోశాక నట్టు ఎక్కిద్దామంటే ఎక్కలేదు. దవడలు కొరికి స్క్రూ మీది మర చుట్లు నలిగిపోయాయి. కోసిన చివర గరుగ్గా లేచి ఉంది.

సాంబయ్య తల ఎత్తకుండానే అడిగాడు. "నట్టు ముందే ఎక్కించావా?"

"లేదు."

"మరదే. ముందు నట్టు ఎక్కించుకోవాల. దాని అవతల కొయ్యాల. కోసినాక ఆ నట్టుని వెనక్కి తిప్పి తీశావనుకో, చెడిన మర అదే సరిచేసుకుంటా వస్తది. దవడల మధ్య పాత చెప్పు తోలు పెట్టు, కొరకదు. నేనూ మొదట్లో గంపెడు పాడుచేశాలే."

నలిగినదాన్ని ఆకురాయి అంచుతో ఓపిగ్గా రాసి రాసి బతికించింది. మిగిలిన మూడింటికీ ముందే నట్టు ఎక్కించి, తోలు చుట్టి, కోసి, చివరల్ని ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, నట్టు తిప్పి తీసింది. నట్టు మొదట కాస్త మొరాయించి, తర్వాత నూనె రాసినట్టు జారింది. కిందపడిన నాలుగు తోకల్ని ఊడ్చి పారెయ్యబుద్ధి కాలేదు. బడివాళ్ల వస్తువు కదా. జామెట్రీ బాక్సులో వేసుకుంది.

సోమవారం పొద్దున గడియ బిగించి తలుపు వేసింది. టక్. లోపల నిలబడి మళ్లీ తీసి, మళ్లీ వేసింది. టక్. ఆ మధ్యాహ్నం కోటేశ్వరి సగం సీసా నీళ్లు తాగింది. గది ముందు ఆడపిల్లల వరుస వరండా చివరి దాకా పెరిగింది. రెండో గదివైపు ఒక్కరూ పోలేదు.

ఆ సంబరం ఆ వారం దాటలేదు. ద్వారబంధ సంస్థ పర్యవేక్షకుడు విశ్వంభరంగారు సమతా స్క్రూల తనిఖీకి వచ్చాడు. ఆయన జేబులో పెన్ను ఉండవలసిన చోట ఇత్తడి స్కేలు ఉంటుంది. బెంచీలు కొలిచాడు, నల్లబల్లలు కొలిచాడు, చివరికి ఆడపిల్లల మరుగుదొడ్డి గడియ విప్పించి, నాలుగు స్క్రూల్నీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. చావుకబురు మోసుకొచ్చినవాడిలా తల ఎత్తాడు.

"ఇవి నిర్దేశిత నిడివిలో లేవు."

హెడ్‌మిస్ట్రెస్ శేషారత్నం టీచర్ తలుపు వైపు చూపించింది. "తలుపు మాత్రం బాగా పడుతోందండీ."

"తలుపు పడుట, పడకపోవుట ప్రస్తుత తనిఖీ పరిధిలోనికి రాదు. సమతకు భంగం కలిగింది. మిగిలిన నిడివి ఎక్కడ?"

పిల్లలందర్నీ వరుసలో నిలబెట్టారు. మిగిలిన నిడివి కోటేశ్వరి చేతిలో, జామెట్రీ బాక్సులో ఉంది. మూత తీసి చూపిస్తే అయిపోయేది. ఆమె నోరు తెరిచింది కూడా. అందులోంచి మాట రాలేదు. బాక్సు మాత్రం చేతిలో గలగలలాడింది. మస్తాన్‌బీ దాన్ని లాక్కుని వెనక్కి దాచి, ముందుకొచ్చింది.

"ఎండలకి కుంచించుకుపోయినయ్యేమో సార్. మా నాయనమ్మ కూడా అట్టాగే అయింది."

ఎవరైనా నవ్వేవారే. విశ్వంభరం నవ్వలేదు. "ఆతప సంకోచము" అని గొణుక్కున్నాడు. పొట్టి స్క్రూలను ఒక కవర్లో పెట్టి లక్కముద్ర వేసి తన సంచిలో భద్రం చేసుకున్నాడు. వాటి స్థానంలో కొత్త సమతా స్క్రూలు బిగింపజేశాడు. తలుపు మళ్లీ రెండు వేళ్ల సందు దగ్గర ఆగిపోయింది. సీసా మళ్లీ నిండుగా ఇంటికి పోవడం మొదలుపెట్టింది.

మర్నాడే బడి డాబా మీద ఒక తెల్లటి పళ్లెంలో సమతా స్క్రూని ఎండబెట్టారు. కాకి ఎత్తుకుపోకుండా ఒక కాపలా మనిషి, ఆయనకు ఒక గొడుగు. స్క్రూకి గొడుగు నీడ పడకూడదని కాపలా మనిషి పొద్దస్తమానం దాని చుట్టూ తిరుగుతూ ఉండేవాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలత. ఎండలు ముదిరి కాపలా మనిషి రెండు సార్లు కళ్లు తిరిగి పడ్డాడు. స్క్రూ మాత్రం వెంట్రుకంత కూడా తగ్గలేదు.

విశ్వంభరం తన సంస్థ నిపుణుల్ని వెంటేసుకుని వచ్చి, హెడ్‌మిస్ట్రెస్ గదిలో సమావేశం పెట్టాడు. మంచినీళ్లు అందించడానికి కోటేశ్వరిని పిలిచారు. మాట్లాడని పిల్ల కదా, రహస్యాలు బయటికి పోవని.

"సమగ్ర పరీక్షానంతరం తేలినదేమనగా" అన్నాడు విశ్వంభరం, "స్క్రూ నిర్దోషి. దోషం తలుపుది. అది సన్నగా ఉంది."

"స్క్రూకి తగిన మందం తలుపుకి లేనప్పుడు" అన్నాడు ఒక నిపుణుడు, "తలుపు మందం పెంచడమే శాస్త్రీయం."

"స్క్రూ ఒక్క రవ్వ పొట్టిదైతే..." అంది శేషారత్నం టీచర్, తనలో తాను అనుకున్నట్టు.

గదిలో అందరూ ఆమె ఏదో బూతు మాట అన్నట్టు చూశారు. ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందుకుంది.

అట్లా మొదటి గది అభివృద్ధి మొదలైంది. రేకు తలుపు బయటివైపు మందపాటి టేకు చెక్క బిగించారు. స్క్రూ తోకలు చెక్కలో మునిగిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. అయితే చెక్క లావుకు తలుపు పాత చట్రంలో పట్టలేదు. చట్రం తీసి పెద్ద చట్రం పెట్టారు. ఆ చట్రం పాత గోడకు నిలవలేదు. గోడను లావు చేశారు. బయటివైపు లావు చేద్దామంటే వరండా కొలతలు వేరే సంస్థవట. కాబట్టి లోపలివైపు లావు చేశారు. బలం చాలదని వెనక గోడనూ ముందుకు జరిపారు. తలుపు తెరుచుకోవడానికి లోపలి దొడ్డి బేసిను అడ్డమని దాన్ని పెరికించి బయట పెట్టారు. అప్పటికీ తలుపు తిరగడానికి చోటు చాలక, బయటికి తెరుచుకునేట్టు మార్చారు. లోపల మనిషి నిలబడే వీలు లేదు కాబట్టి గడియను కూడా బయటికి తెచ్చారు.

చివరికి తలుపు పడింది. గడియ పడింది. స్క్రూ తోక ఒక్కటి కూడా ఎక్కడా కనపడలేదు. తలుపు తీస్తే జానెడు దూరంలో సున్నం వేసిన గోడ.

"మరి గది ఏదండీ?" అని అడిగింది శేషారత్నం టీచర్.

"గది ఈ పథకంలో లేదమ్మా" అన్నాడు విశ్వంభరం జాలిగా. "మనది ద్వారబంధ సంస్థ."

ఈ నమూనా ద్వారాన్ని ప్రారంభించడానికి సంస్థ అధ్యక్షురాలు మందాకినీదేవిగారు స్వయంగా వస్తున్నారన్నారు. బడికి రంగులు వేశారు. సమతా స్క్రూల పెట్టెలు ఎక్కడ పెట్టాలో తెలియక టీచర్ల మరుగుదొడ్డిలో పైకప్పు దాకా పేర్చారు. ద్వారానికి బంతిపూల దండలు వేశారు. రిబ్బను కత్తిరించే కత్తెర పళ్లెం పట్టుకోవడానికి కోటేశ్వరిని ఎంపిక చేశారు. మళ్లీ అదే కారణం, మాట్లాడదు.

మందాకినీదేవి చాలా దూరం నుంచి వచ్చింది. మర్యాదలకు మనవాళ్లు ఎప్పుడూ తక్కువ చెయ్యరు. ఊరి పొలిమేరలో కొబ్బరిబోండాం తాగించారు. పంచాయతీ ఆఫీసు దగ్గర మజ్జిగ తాగించారు. బడి గేటు దగ్గర నిమ్మరసం. వేదిక మీద టీ. విశ్వంభరం స్వాగత ప్రసంగం సమతా స్క్రూ పుట్టుపూర్వోత్తరాలతో మొదలై, ఇంకా పూర్వానికి పోతూ ఉంది. రిబ్బను కత్తిరించడానికి లేచిన అధ్యక్షురాలు పళ్లెం దగ్గరికి వంగి, కోటేశ్వరి చెవిలో అంది.

"అమ్మాయ్, బాత్రూం ఎక్కడే?"

కోటేశ్వరి పూలదండల ద్వారం వైపు చూపించింది.

"అది కాదమ్మా. నిజంది."

టీచర్లది పెట్టెలతో నిండి ఉంది. మగపిల్లలదానికి తలుపే లేదు. ఇక మిగిలింది రెండో గది. కోటేశ్వరి పళ్లెం మస్తాన్‌బీ చేతిలో పెట్టి, అధ్యక్షురాలిని అటు తీసుకెళ్లింది. ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసింది. అది రెండు వేళ్ల సందు దగ్గర ఆగింది. ఆవిడ నెట్టింది. లాగింది. లోపలి నుంచి సన్నగా "అయ్యో రామా" అని వినపడింది.

కోటేశ్వరి బయటి నుంచి తలుపు లాగి పట్టుకుని, సందుకు వీపు అడ్డం పెట్టింది. అప్పటికే వేదిక దగ్గర కలకలం మొదలైంది. అధ్యక్షురాలు కనపడటం లేదు. "రెండో గది తనిఖీకి వెళ్లినట్టున్నారు, పదండి పదండి" అంటూ విశ్వంభరం ముందు, దండ పట్టుకుని ఒకాయన వెనక, ఫొటోలు తీసే ఆయన, డప్పులవాళ్లు, ఊళ్లో పెద్దమనుషులు, బడి పిల్లలు అందరూ ఇటే వస్తున్నారు.

కోటేశ్వరి నోరు తెరిచింది. ఎప్పటిలాగే మాట రాలేదు. విశ్వంభరం ఇంకా దగ్గరికి వచ్చాడు. చెయ్యి తలుపు వైపు చాచాడు. రెండు వేళ్ల సందు అవతల ఒక మనిషి ఊపిరి బిగబట్టి కూర్చున్న సంగతి ఆమె వీపుకు తెలుస్తూనే ఉంది. ఎన్నాళ్లనుంచో తానూ అట్లాగే ఊపిరి బిగబట్టి ఉంది.

"ఎవరూ రావద్దు! లోపల మనిషున్నారు!"

ఎవరిదా గొంతు అని అందరూ వెనక్కి తిరిగి చూశారు. మస్తాన్‌బీ చేతిలో పళ్లెం జారి కత్తెర కింద పడింది. "ఓసినీ, మాట్లాడావే!" అంది.

కోటేశ్వరి అక్కడితో ఆగలేదు. "మేడం, ఎక్కం చదవండి! ఆపొద్దు! పందొమ్మిదో ఎక్కం!"

లోపలి నుంచి అధికారం చలాయించి అలవాటైన గొంతు, కొంచెం వణుకుతూ మొదలుపెట్టింది. "పందొమ్మిది ఒకట్ల పందొమ్మిది. పందొమ్మిది రెళ్లు ముప్ఫై ఎనిమిది..." ఐదో మెట్టు దాకా బాగానే నడిచింది. "పందొమ్మిది ఆర్లు... ఆర్లు..."

"నూట పద్నాలుగు!" అంది కోటేశ్వరి.

"నూట పద్నాలుగు!" అన్నారు అలవాటు కొద్దీ ఆడపిల్లలందరూ. అక్కడి నుంచి లోపలా బయటా కలిసి ఎక్కం సాగింది. డప్పులవాళ్లు ఇది కార్యక్రమంలో భాగమనుకుని దరువు అందుకున్నారు. విశ్వంభరం చప్పట్లు కొట్టాడు. లెక్కల మాస్టారి కళ్లు చెమర్చాయి.

అధ్యక్షురాలు చెంగుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చింది. దండ వెయ్యబోయిన ఆయన్ని ఆగమంది. "విశ్వంభరంగారూ, ఈ తలుపెందుకు పడదు?"

"సన్నం మేడం. త్వరలో దీనిని కూడా ఆ మొదటి ద్వారం వలె అభివృద్ధి చేసెదము."

ఆవిడ తిరిగి పూలదండల ద్వారం వైపు చూసింది. దీన్ని కూడా అట్లాగే అభివృద్ధి చేసి ఉంటే తాను ఇప్పుడు ఎక్కడ ఉండేదో ఆలోచించినట్టుంది. ఆవిడ మొహం రంగు మారింది.

"స్క్రూ పొడుగు మేడం" అంది కోటేశ్వరి. గొంతు ఒకసారి తెరుచుకున్నాక మూసుకోవడం మర్చిపోయింది. "నేను కోస్తే బాగానే పడింది. వీళ్లు మళ్లీ పొడుగువి పెట్టారు."

"విన్నారా మేడం!" అన్నాడు విశ్వంభరం. సంచిలోంచి లక్కముద్ర కవరు తీసి పైకెత్తాడు. "దోషి దొరికింది. ఈ స్క్రూల యొక్క నిర్దేశిత నిడివిలో కొంత భాగము అదృశ్యమైనది."

"అదృశ్యం కాలేదండీ. పొడవెక్కడికీ పోలేదు. ఇదిగో."

జామెట్రీ బాక్సు తెరిచి ముందుకు చాచింది. కోణమానినికీ రబ్బరుకీ మధ్య నాలుగు తోకలు.

విశ్వంభరం ముద్ర పగలగొట్టాడు. ఒక పొట్టి స్క్రూ పక్కన ఒక తోక పేర్చి స్కేలు పెట్టాడు. ఇంకోటి పేర్చాడు. వరండా మీద కూర్చుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, నాలుగూ కొలిచాడు. మొహం వెలిగింది.

"వెంట్రుకవాసి తక్కువ మేడం! నాలుగింటిలోను!"

"బ్లేడు తిన్నది" అంది కోటేశ్వరి. "కోస్తే ఆ మాత్రం పొట్టుగా రాలిపోద్ది."

"రాలిన పొట్టు ఎక్కడ?"

అందరూ అధ్యక్షురాలి వైపు చూశారు. ఆవిడ అప్పటికే ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. ముందర చాలా దూరం ప్రయాణం ఉంది. మజ్జిగ ఇప్పుడిప్పుడే తన ప్రభావం చూపిస్తోంది.

"ఆ వెంట్రుకవాసిని నేను మంజూరు చేస్తున్నాను" అంది. "అమ్మాయ్, నువ్వు తొందరగా బిగించు తల్లీ."

మంజూరు అయ్యాక ఇక సమస్య ఏముంది? ఒక్క చిక్కు మాత్రం విశ్వంభరమే తీర్చాడు. స్క్రూ నిర్దేశిత నిడివిలో ఉండాలన్నారు కానీ, ఒకే ముక్కగా ఉండాలని ఎక్కడా అనలేదు. కాబట్టి తోకలు స్క్రూలను విడిచి వెళ్లకూడదు. దండలోంచి దారం తీసి, నాలుగు తోకల్నీ వరుసగా కట్టి, లోపలివైపు గడియకు వేలాడదీశారు. కోటేశ్వరి సాంబయ్య స్క్రూడ్రైవరు తెప్పించి, పొట్టి స్క్రూలు బిగించింది.

మందాకినీదేవి రెండోసారి లోపలికి వెళ్లింది. తలుపు చట్రానికి ఆనుకుంది. తోకలు మువ్వల్లా చిన్నగా మోగాయి. టక్.

తర్వాత ఏమీ వినపడలేదు. ఊరంతా చెవులు రిక్కించి నిలబడింది. ఎక్కం లేదు. డప్పులవాళ్లు కర్రలు పైకెత్తి ఆగిపోయారు.

"ఏమే, ఎక్కం రావటంలా" అంది మస్తాన్‌బీ గుసగుసగా. "ఎళ్లిపోయారా?"

"ఉన్నారు" అంది కోటేశ్వరి. "తలుపు పడింది."

ఆ తర్వాత బళ్లన్నింటిలోనూ సమతా స్క్రూలను అవసరాన్ని బట్టి రెండు భాగాలుగా వాడుకోవచ్చనీ, తోకను దారంతో ఎడమవైపు మాత్రమే వేలాడదీయాలనీ సంస్థవారు ప్రకటించారు. తోకల మీద పాటకు ఒక చరణం కలిపారు. కొండమూరుపాలెంలోని నమూనా ద్వారాన్ని చూడటానికి దూర ప్రాంతాల నుంచి నిపుణులు వస్తారు. తలుపు తీసి గోడను చూసి, తలాడించి, మళ్లీ వేసి వెళతారు. ఆ ద్వారం టక్ అని పడినప్పుడల్లా విశ్వంభరం కళ్లు మూసుకుంటాడు. లెక్కల మాస్టారు మాత్రం ఈ మధ్య ఆడపిల్లలకు పందొమ్మిదో ఎక్కం తప్పిపోతోందని బాధపడుతున్నారు.

ప్రారంభోత్సవం మర్నాటి సాయంత్రం కోటేశ్వరి బడి నుంచి వచ్చి సంచి గడప పక్కన పెట్టింది.

"చెట్టుకి నీళ్లు పొయ్యవే, వాడిపోయి ఉంది" అంది వాళ్లమ్మ పెరట్లోంచి.

కోటేశ్వరి సీసా తలకిందులు చేసి చూపించింది. మూతి దగ్గర ఒక్క చుక్క వేలాడి, నేల మీద పడింది.

"లేవమ్మా. తాగేశా."

వాళ్లమ్మ సీసా వైపు, పిల్ల మొహం వైపు మార్చి మార్చి చూసింది. చెంబు తీసుకుని, మందారచెట్టు కోసం తొట్టి దగ్గరికి నడిచింది.